వెట్టి నుంచి బయానా దాకా: బ్యాండు మేళం చరిత్ర



పోయిన వ్యాసం ఊరి చాటింపు గురించి. అది చదివిన విద్యార్థులు చాలామంది నన్ను ఒకటే ప్రశ్న అడిగారు. డప్పు మన గౌరవమా, మన నుదుటి మీద వేసిన ముద్రా? పట్టుకోవాలా, పారేయాలా? ఒక్క డప్పునే చూస్తూ కూర్చుంటే దీనికి జవాబు దొరకదు. ఊరేగింపులో డప్పుతో పాటు నడిచే ఇంకో మేళం ఉంది. ఎర్రకోటు, నెత్తిన టోపీ, చేతిలో క్లారినెట్. ఆ బ్యాండు మన పేటల్లోకి ఎట్లా వచ్చింది, వచ్చి ఏం మార్చింది, ఇప్పుడెందుకు పోతోంది అన్నది తెలిస్తే డప్పు ప్రశ్నకు కూడా దారి కనిపిస్తుంది. అందుకే ఈ వారం బ్యాండు మేళం.

1. శబ్దాల్లో కులం

ఒక పెళ్లి చూడండి. తాళి కట్టేటప్పుడు గట్టిమేళం మోగుతుంది. సన్నాయి, డోలు. తరతరాలుగా అవి ఎక్కువగా నాయీబ్రాహ్మణుల చేతుల్లో ఉన్నాయి. గుంటూరు, ప్రకాశం ప్రాంతాల్లో ముస్లిం కుటుంబాలు కూడా నాదస్వరాన్ని తమ విద్యగా చేసుకున్నాయి. కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా శ్రీరంగం చేరి దేశమంతా పేరు తెచ్చుకున్నారు. 1977లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 'మంగళవాద్యం' అని ముద్దుగా పిలుచుకునే ఆ వాద్యంలోకి పోయే ఊపిరి ఎవరిదో గమనించండి. శుభానికి వాళ్ల ఊపిరి కావాలి. అయితే వాళ్లకు ఏ పంక్తిలో విస్తరి వేస్తారన్నది వేరే లెక్క.

డప్పు పందిట్లోకి రాదు. పందిరి బయట, వీధిలో, జాతరలో, శవం ముందు, చాటింపులో ఉంటుంది. దాని వెనక ఎంత పనితనం ఉందో ఆలోచించండి. తోలును శుద్ధి చేయాలి, చట్రానికి బిగించాలి, మంట దగ్గర కాచి శ్రుతికి తేవాలి. కుడిచేతి చిర్రతో, ఎడమచేతి సిటికెన పుల్లతో పెళ్లికో దరువు, చావుకో దరువు, జాతరకో దరువు వేయాలి. దూరంగా విన్నవాళ్లకు ఊళ్లో ఏం జరుగుతోందో దరువును బట్టే తెలిసిపోతుంది. ఇంత విద్యకు మన సాహిత్య చరిత్రల్లో, సంగీత చరిత్రల్లో ఎన్ని పేజీలు దక్కాయి? నేను తెలుగు సాహిత్యం చదువుకున్నవాణ్ని, పాఠం చెప్పేవాణ్ని. సిలబస్‌లో త్యాగయ్య ఉంటాడు. త్యాగయ్య ఉండాల్సిందే. దరువు మాత్రం 'జానపదం' అన్న ఒక్క మాటలో సర్దుకుపోవాలి.

2. కబురు

డప్పును పల్లెల్లో కళగా పిలవలేదు, పనిగా పిలిచారు. ఆ పనికి బేరం లేదు. ఊళ్లో ఎవరింట్లోనో శుభమో అశుభమో జరుగుతుంది, పేటకు కబురు వస్తుంది, వెళ్లాలి. రానని చెప్పే హక్కు లేదు. ఇంత ఇస్తేనే వస్తానని చెప్పే వీలూ లేదు. పంటకాలంలో కళ్లం దగ్గర కొలిచే మేర, ఎక్కడో ఇంత మాన్యం, మిగిలిన అన్నం, ఒక పాతబట్ట. దీని పేరే వెట్టి.

ఈ వెట్టి ఎట్లా నడుస్తుందో అందరికంటే స్పష్టంగా చెప్పినవాడు బాబాసాహెబ్. 1874 నాటి వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టాన్ని సవరించాలని 1928లో ఆయన బొంబాయి శాసనమండలిలో బిల్లు పెట్టారు. మహార్ వతన్ అంటే ఇంత భూమి, ఇంత బలుతా అంటే ధాన్యపు వాటా, దానికి బదులుగా రాత్రీ పగలూ చాకిరీ. పనికి హద్దు లేదు, కూలికి లెక్క లేదు. ఒకడు వతన్ తీసుకుంటే ఇంటిల్లిపాదీ పిలిచినప్పుడల్లా పోవాల్సిందే. ఆయన పోరాటం పని మీద కాదు. నిర్బంధం మీద, లెక్కలేని కూలి మీద. చివరికి 1958లో చట్టం చేసి ఆ వతన్లను రద్దు చేశారు. మన దగ్గర నిజాం రాజ్యంలో భాగ్యరెడ్డి వర్మ వెట్టికి, జోగిని ఆచారానికి వ్యతిరేకంగా చేసిన పోరాటాన్ని కూడా ఇదే వరుసలో చదవాలి. రాజ్యాంగం 23వ అధికరణంలో వెట్టిని నిషేధించింది. కాగితం మీద కబురు ఆగిపోయింది. ఊళ్లో అంత తొందరగా ఆగలేదు.

3. పటాలం నుంచి పెళ్లికి

బ్యాండు మన ఊరి వాద్యం కాదు. అది సైన్యంతో వచ్చింది. వాయిద్యాన్ని తక్కువ పనిగా చూడటంలో తెల్లదొరలు కూడా ఏం తీసిపోలేదు. తల్లిదండ్రులిద్దరూ యూరోపియన్లు కానివాళ్లను ఈస్టిండియా కంపెనీ 1795లో సైనిక కొలువులకు దూరంగా పెట్టింది. వాళ్లకు మిగిల్చిన పనులేంటో తెలుసా? డోలు కొట్టడం, చిన్న పిల్లనగ్రోవి ఊదడం, గుర్రాలకు లాడాలు వేయడం. ఆంగ్లో-ఇండియన్ల చరిత్రలో ఇది చేదు ఘట్టం. తుపాకి పట్టడానికి పనికిరాదన్న చేతికి డోలు ఇచ్చారు.

తర్వాత ఆ వాయిద్యాలు పటాలాల నుంచి సంస్థానాలకు పోయాయి. తంజావూరు మరాఠా రాజు రెండో శరభోజి (1798–1832) కొలువులో అప్పటికే పాశ్చాత్య బ్యాండు ఉండేది. సంస్థానాల నుంచి జమీందార్ల పెళ్లిళ్లకు, అక్కడి నుంచి పట్నాల్లో డబ్బున్నవాళ్ల పెళ్లిళ్లకు దిగాయి. ఉత్తరాదిన మీరట్‌లోని జలీ కోఠీ ఇత్తడి వాయిద్యాల తయారీకి కేంద్రమైంది. అక్కడి నాదిర్ అలీ కంపెనీ 1885లో మొదలైంది. విదేశాల నుంచే రావాల్సిన ట్రంపెట్, యుఫోనియం ఈ దేశపు కార్ఖానాల్లోనే తయారవడంతో చిన్న పట్టణపు మేస్త్రీ కూడా ఒక సెట్టు కొనగలిగాడు. గ్రెగరీ బూత్ ఈ బ్యాండువాళ్ల జీవితాల మీద 2005లో 'బ్రాస్ బాజా' అని పుస్తకం రాశాడు. దేశంలో ఎక్కడ చూసినా ఈ పనిలో ఉన్నది ఎక్కువగా దళితులు, ముస్లింలు, వాద్యం వృత్తిగా ఉన్న ఇతర కింది కులాలు.

హైదరాబాద్‌లో ఇదే కథ ఇంకో రంగులో నడిచింది. మాసబ్ ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ అనే బస్తీ ఉంది. ఏసీ అంటే చల్లని యంత్రం కాదు, ఆఫ్రికన్ కావల్రీ. వనపర్తి సంస్థానం నుంచి నిజాం కొలువుకు వచ్చిన ఆఫ్రికన్ గుర్రపు దళం అక్కడ ఉండేది. ఆ సిద్దీ సైనికుల్లో చాలామంది పూర్వీకులు బానిసలుగా సముద్రం దాటించబడినవాళ్లు. 1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్య జరిగింది, నిజాం రాజ్యం పోయింది, దళం రద్దయింది, కొలువు పోయింది. వాళ్ల దగ్గర మిగిలిన విద్య మర్ఫా. బార్కస్ అరబ్బులు, ఏసీ గార్డ్స్ సిద్దీలు పెళ్లిళ్లకు మర్ఫా వాయించి బతికారు. ఇవాళ రెండు రాష్ట్రాల కుర్రాళ్లు ఊగిపోయే తీన్మార్ దెబ్బ వెనక ఆ మర్ఫా ఉంది. పటాలం పోయి పెళ్లి మేళం మిగిలింది. తీన్మార్‌కు ఎగిరేవాళ్లలో ఎంతమందికి ఏసీ గార్డ్స్ చరిత్ర తెలుసు?

4. బయానా

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. డప్పుకు కబురు వచ్చేది. బ్యాండుకు బయానా వస్తుంది. పెళ్లి ఖాయం కాగానే ఆడపెళ్లివారో మగపెళ్లివారో మేళం మేస్త్రీ దగ్గరకు వస్తారు. ఎంతమంది మనుషులు, ఎన్ని గంటలు, ఎదురుకోళ్లకా, బరాత్‌కా, రెండింటికా అని మాట్లాడతారు. రేటు కుదురుతుంది. ముందుగా కొంత డబ్బు చేతిలో పెడతారు. అదే బయానా.

చిన్న విషయంగా కనిపిస్తుంది. మన చరిత్రలో ఇది చిన్నది కాదు. ఊళ్లో వాళ్లు పేటకు వచ్చి, పేరుతో పలకరించి, తేదీ ఖాళీ ఉందా అని అడగడం ఇది. 'ఆ రోజు వేరే పెళ్లి ఒప్పుకున్నాం' అని చెప్పగలగడం ఇది. తాతలకు లేని మాట అదే. వెట్టికీ కూలికీ మధ్య గీత ఎక్కడుందని నా విద్యార్థులు అడిగితే నేను బయానాను చూపిస్తాను.

బట్టల గురించి కూడా చెప్పాలి. ఆ ఎర్రకోటు, భుజాల మీద జరీ, బూట్లు చూసి పట్నంలో చదువుకున్నవాళ్లు నవ్వుతారు. తెల్లవాడి నకలు అంటారు. ఎవరి కాళ్లకు ఆ బూట్లు వచ్చాయో చూడండి. పెద్దకులాల వీధిలో చెప్పులు చేత్తో పట్టుకుని నడిచిన జనం మనం. అదే వీధిలో ఆ మనిషి కొడుకు బూట్లతో, నెత్తిన టోపీతో, నడిమధ్య నడిచాడు. ఆ వీధికి ఆ రోజు ఆ బట్టలు అవసరమయ్యాయి కాబట్టి ఎవరూ నోరెత్తలేదు. యూనిఫాం తీసేస్తే మర్నాడు మళ్లీ పాత లెక్కే కావచ్చు. ఆ మూడు గంటలు మాత్రం వీధి లొంగింది.

అది ఎంత పెద్ద సంగతో తెలియాలంటే చట్టం చూడండి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. 2015లో దాన్ని సవరించారు. దళితుడు చెప్పులు వేసుకుంటే, కొత్తబట్టలు కట్టుకుంటే, పెళ్లి ఊరేగింపు తీస్తే, ఊరేగింపులో గుర్రం ఎక్కితే అడ్డుకోవడం నేరమని ఆ సవరణలో రాయాల్సి వచ్చింది. జరగని నేరాలకు ఎవరూ చట్టం రాయరు. 2018లో ఉత్తరప్రదేశ్ కాస్‌గంజ్ జిల్లా నిజాంపూర్‌లో ఒక దళిత వరుడు పోలీసుల పహరా మధ్య తన ఊరేగింపు తీసుకున్నాడు. అందరి ఊరేగింపులకూ మేళం మనం. మన ఊరేగింపుకు మాత్రం పోలీసులు కావాలి.

5. కింది శబ్దం

నా దగ్గర చదువుకున్న ఒక అబ్బాయి ఇప్పుడు ఫంక్షన్లకు తిరిగే ఆర్కెస్ట్రాలో బేస్ గిటార్ వాయిస్తాడు. వాళ్ల తాతది డప్పు. నాన్న బ్యాండులో పెద్ద డ్రమ్ము మోశాడు. మూడు తరాలు, మూడు వాయిద్యాలు, శబ్దం మాత్రం ఒకటే, కింది శబ్దం. అతను ఒకసారి నాతో అన్న మాట రాసుకున్నాను.

"సార్, పాట పాడేవాడిని చూస్తారు, కీబోర్డును చూస్తారు. నన్ను ఎవరూ చూడరు. కానీ నేను రెండు నిమిషాలు చేయి ఆపితే డ్యాన్స్ చేసేవాళ్ల కాళ్లు తడబడతాయి. ఎందుకో వాళ్లకు కూడా తెలియదు. అందరినీ నిలబెట్టే పని నాది. ఖర్చు తగ్గించాలంటే ముందు తీసేది మాత్రం నన్నే. కీబోర్డు వాడు ఎడమచేత్తో నా పని లాగేస్తాడు, లేకపోతే ట్రాక్ పెడతారు."

కులం గురించి ఎన్నో పుస్తకాలు చదివాను. కింద ఉన్నవాడి మీద నిలబడి, అతణ్ని చూడకుండా ఉండే సమాజం గురించి ఇంత తేటగా చెప్పినవి తక్కువ.

పండగ వాయించేవాడికి పని దినాలు ఎవరు నిర్ణయిస్తారో కూడా అతనే చెప్పాడు. పంచాంగం. ఆషాఢంలో పెళ్లిళ్లు లేవు. భాద్రపదంలో లేవు. పుష్యంలో లేవు. శుక్రమూఢం వస్తే నెలల తరబడి ముహూర్తాలు లేవు. ముహూర్తం పెట్టే పంతులుకు ఏడాదంతా వ్రతాలు, పూజలు, తద్దినాలు ఉంటాయి. బ్యాండువాడు మాత్రం ఆ మూఢంలో మట్టిపనికో, ఆటో తోలడానికో పోవాలి. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం వస్తే ఒక్క రాత్రికి రెండు పెళ్లిళ్లు. డిగ్రీ చదివే మన పిల్లలకు అదే పరీక్షల కాలం. రాత్రంతా క్లారినెట్ ఊది పొద్దున క్లాసులో కునుకు తీసే పిల్లవాణ్ని నేను చూశాను. హాజరు శాతం చాలలేదని అతనికి కట్టించుకున్న జరిమానా ఆ వారం బయానాలో సగం మింగింది. ఊరికే తిరుగుతున్నాడని స్టాఫ్ రూములో అన్నవాళ్లు అదే నెలలో తమ ఇంటి పెళ్లికి మంచి మేళం ఎక్కడ దొరుకుతుందని అడుగుతూ కనిపించారు.

6. డబ్బాలు, దళారులు

ఇప్పుడు బయానా చేతులు మారుతోంది. మొదటి దెబ్బ డీజే. లారీ మీద స్పీకర్ల గోడ, ఒక జనరేటర్, ఇద్దరు కుర్రాళ్లు. పదిహేను మంది ఊపిరి చేసే పనిని కరెంటు చేస్తుంది. ఆ మోతకు హైదరాబాద్ పోలీసులు 2024 అక్టోబర్‌లో మతపరమైన ఊరేగింపుల్లో డీజేను నిషేధించాల్సి వచ్చింది. డీజే పోతే బ్యాండు బతుకుతుందని కొందరు సంబరపడ్డారు. పోలీసు ఉత్తర్వులతో కళ బతకదు. పైగా ఆ డీజే బండి వెనక ఉన్నది కూడా చాలాచోట్ల మన పిల్లలే, అప్పు చేసి పెట్టె కొన్నవాళ్లు.

రెండో దెబ్బ ఇంకా లోతైనది. ఈవెంట్ మేనేజర్. పెళ్లివాళ్లు ఇప్పుడు పేటకు రారు. పూలు, లైట్లు, భోజనాలు, మేళం అన్నీ ఒక ప్యాకేజీ. బయానా అతని చేతికి పోతుంది. మేళానికి అతను ఫోన్ చేస్తాడు, ఫలానా హాలుకు రమ్మంటాడు, డబ్బు తర్వాత చూద్దాం అంటాడు. గమనించారా? ఇది మళ్లీ కబురు. పాత కబురు దొర నుంచి వచ్చేది, కొత్త కబురు దళారి నుంచి వస్తోంది. మనిషి సంపాదించుకున్న 'కుదరదు' అనే మాట మళ్లీ జారిపోతోంది.

ప్రభుత్వాలు ఏం చేశాయి అంటే కొంత చేశాయి. ఆంధ్రప్రదేశ్‌లో 50 ఏళ్లు దాటిన డప్పు కళాకారులకు సామాజిక పెన్షన్ ఉంది, 2024 జూలై నుంచి నెలకు 4000 రూపాయలు. తెలంగాణలో సాంస్కృతిక సారథి పేరుతో సుమారు 550 మంది కళాకారులకు ఉద్యోగాలు ఇచ్చారు. డప్పు కొట్టేవాడు కళాకారుడని సర్కారు కాగితం మీద రావడం కూడా పోరాడి తెచ్చుకున్నదే. కానీ యాభై దాకా అతను ఎట్లా బతకాలన్నది, ఊరేగింపులో కింద పడితే ఆసుపత్రి ఖర్చు ఎవరు పెట్టాలన్నది ఏ పెన్షనూ చెప్పదు.

7. న్యూ ఆర్లియన్స్‌లో మేళం ఎవరిది?

ఇట్లాంటి చరిత్రే ఉన్న ఇంకో జనం ఏం చేశారో చూద్దాం. అమెరికాలో న్యూ ఆర్లియన్స్ నల్లజాతి బ్యాండ్లు. అవే ఇత్తడి వాయిద్యాలు, అదే పటాలం నడక, అదే టోపీ. అడుగున ట్యూబా కింది శబ్దం. తేడా ఒకటుంది. బానిసత్వం పోయాక అక్కడి నల్లవాళ్లు పరస్పర సహాయ సంఘాలు పెట్టుకున్నారు. సభ్యులు తలా ఇంత చందా కట్టేవారు. ఎవరికైనా జబ్బు చేస్తే వైద్యం, చనిపోతే అంత్యక్రియలు, ఆ అంత్యక్రియలకు బ్యాండు, అన్నీ సంఘం డబ్బుతోనే. శ్మశానం దాకా నెమ్మదైన శోకగీతం, తిరిగి వచ్చేటప్పుడు అడుగు ఆగనివ్వని హుషారు పాట. చావు దగ్గర దరువు మార్చి ఆడే మన పేటలకు ఇది కొత్త కాదు. మరి ఏది కొత్త? అక్కడ బ్యాండును పిలిచింది యజమాని కాదు, తమ సంఘమే. తమ మనిషి శవాన్ని తమ డబ్బుతో, తమ మేళంతో రాజులా సాగనంపారు. లూయిస్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1912 ఆఖరి రాత్రి గాల్లోకి తుపాకి పేల్చి నల్లపిల్లల శిక్షణాలయానికి పోయాడు, అక్కడి బ్యాండులో కార్నెట్ నేర్చుకున్నాడు. అంత చిన్నవాడు ప్రపంచమంతా ఎరిగిన సంగీతకారుడయ్యాడంటే ఒక్కడి ప్రతిభే కాదు, ఆ వీధుల్లో మేళాన్ని పోషించిన సంఘాలు ఉన్నాయి.

వాళ్లు యూనియన్ కూడా పెట్టుకున్నారు. తెల్ల సంగీతకారుల యూనియన్‌లో చోటు లేదు కాబట్టి వేరేగా. తెల్లవాళ్లది 174వ నంబరు, నల్లవాళ్లది 496. తర్వాత రెండూ కలిశాయి. నేటికీ ఆ యూనియన్ పేరు 174-496. కలిసినప్పుడు మన నంబరు చెరిపేయొద్దు అన్నది కూడా ఒక రాజకీయమే.

8. మన సభల్లో

1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన ఉద్యమం తనకు పెట్టుకున్న పేరు దండోరా. వెట్టికి గుర్తుగా ఉన్న శబ్దాన్ని హక్కుకు పేరుగా మార్చింది. నాగప్పగారి సుందర్రాజు తన కవిత్వానికి 'చండాల చాటింపు' అని పేరు పెట్టింది కూడా ఆ కాలంలోనే. 2025 ఫిబ్రవరిలో హైదరాబాద్‌కు ఇచ్చిన పిలుపు పేరు కూడా 'వేల గొంతులు, లక్ష డప్పులు'. అంటే ఉద్యమం డప్పును పారేయలేదు. ఎవరి కోసం, ఎవరి మాట మీద కొట్టాలన్నది మార్చింది.

అందుకే పట్టుకోవాలా, పారేయాలా అన్న ప్రశ్నను నేను ఇట్లా మారుస్తాను. కొట్టను అని చెప్పే హక్కు ఉందా? ఇంత ఇస్తేనే వస్తా అని చెప్పే హక్కు ఉందా? ఆ రెండూ ఉంటే డప్పు కళ. అవి లేకపోతే వయొలిన్ చేతికిచ్చినా అది వెట్టే. కులం ఉన్నది తోలులో కాదు, కబురులో.

ఈ కొలతను మన సభలకు కూడా పెట్టాలి. ఏప్రిల్ 14 వస్తుంది. ర్యాలీ ముందు పదిమంది డప్పులు కావాలి. స్టేజీకి, మైకుకు, ఫ్లెక్సీకి, వక్త కారుకు డబ్బు ముందే సర్దుతారు. డప్పు దళానికి మాత్రం 'ఉద్యమం కోసం రండి తమ్ముడూ' అని ఫోన్ పోతుంది. ఎండలో నాలుగు కిలోమీటర్లు కొట్టినవాళ్లకు చివర్లో ఒక పొట్లం. ఉద్యమం కోసం ఇష్టంగా కొట్టేవాళ్లు ఉన్నారు, వాళ్లకు నా దండం. కానీ ఆ ఇష్టాన్ని అడగకుండానే లెక్కలో వేసుకోవడం అంబేద్కరిజం కాదు. 1928 బిల్లు ఏం చెప్పిందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. లెక్కలేని పని వద్దన్నాడు ఆయన.

విద్యార్థి సంఘాలకు, యువజన సంఘాలకు నేను అడిగేది చిన్న పని. ఈసారి జయంతి ఖర్చు రాసేటప్పుడు మొదటి పద్దుగా మేళం రాయండి. పేటకు వెళ్లి, మేస్త్రీని అన్నా అని పిలిచి, తేదీ ఖాళీ ఉందా అని అడిగి, బయానా చేతిలో పెట్టండి. కరపత్రం మీద వక్తల పేర్ల పక్కన వాళ్ల పేర్లు వేయండి. భోజనం మొదటి పంక్తిలో పెట్టండి. వాళ్లు కుదరదంటే నొచ్చుకోకండి. ఆ మాట అనగలిగే దాకా రావడానికి మన జనానికి చాలా తరాలు పట్టింది.

వచ్చే వారం చిందు భాగోతం గురించి.

జై భీమ్.